చెలియలికట్టకు చోటేది?

తెలుగున సముద్రపుటొడ్డునకు చెలియలికట్ట అని ఒక చక్కని పేరు కలదు. పున్నమినాడు ఎంత పొంగినను కడలి ఆ కట్టను దాటదని పూర్వుల విశ్వాసము. రాజు మర్యాద తప్పనివాడని చెప్పవలసినచోట కవులు అతనిని చెలియలికట్ట దాటని సముద్రముతో పోల్చిరి. లోకము తలక్రిందులైనదని చెప్పవలసినచోట సముద్రము చెలియలికట్ట దాటెననిరి. పద్యము చదివిన ప్రతి తెలుగు విద్యార్థికిని ఏదో యొక తరగతిలో ఈ మాట ఎదురై యుండును. ఉపాధ్యాయుడు ‘సముద్రతీరము’ అని అర్థము చెప్పి ముందునకు సాగును.

నేడు ఆ మాటను మరల తెరచి చూడవలసిన అవసరము వచ్చినది. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రముల సగటు మట్టము 20 సెంటీమీటర్లు పెరిగినదని ఐక్యరాజ్యసమితి పక్షమున పనిచేయు వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘము 2021లో వెలువరించిన నివేదికలో తెలిపినది. ఆ పెరుగుదలలోని వేగము మరింత ఆలోచింపదగినది. 1901–1971 నడుమ ఏటికి 1.3 మిల్లీమీటర్ల చొప్పున లేచిన సముద్రము 2006–2018 నడుమ ఏటికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున లేచినది. భూమి వేడెక్కుటచే నీరు వ్యాకోచించుట ఒక కారణము. కొండలమీది మంచును ధ్రువప్రాంతముల మంచును కరగి కడలిలో కలియుట రెండవ కారణము. 3.7 మిల్లీమీటర్లన్న ఇంచుమించు రెండు మూడు రూపాయి బిళ్ళలను ఒకదానిమీద ఒకటి పెట్టినంత మందము. ఏటేట అంత మందము లేచు నీటికి కట్ట ఏమి బదులు చెప్పగలదు? ప్రశ్న ఇది.

హైదరాబాదులో, అందును మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో, ఇది పరాయి ఊరి వార్తగా తోచవచ్చును. ఆ నేల సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైని ఉన్నది. ఎంత దగ్గరి దారిని పోయినను తీరము 250 కిలోమీటర్లకు పైబడిన దూరము. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటినుండి అచ్చటి రాతిగుట్టల నడుమ లేచిన అద్దాల మేడలలో పనిచేయు యువతీయువకులకు సముద్రమన్న సెలవుదినములలో చూచివచ్చు వేడుక. కాని నీరు ఆ దూరమును లెక్కపెట్టదు. దుర్గం చెరువే దీనికి సాక్షి.

ఒకప్పుడు గోలకొండ కోటకు నీరిచ్చిన దుర్గం చెరువు నేడు మాదాపూరు మేడల నడుమ, 2020 సెప్టెంబరులో తెరచిన తీగల వంతెన క్రింద, దీపకాంతులలో మెరయుచున్నది. సాయంకాలము ఆ వంతెనపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనువారిలో ఆ నీరు ఎచ్చటికి పోవునని అడుగువారు అరుదు. వానకాలమున ఆ చెరువు అలుగు పారిన నీరు పల్లమునకు దిగి తుదకు మూసీలో కలియును. మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లివద్ద కృష్ణలో కలియును. కృష్ణ విజయవాడవద్ద ప్రకాశం బ్యారేజిని దాటి, దివిసీమను చుట్టుకొని, హంసలదీవి ప్రాంతమున కడలి చేరును. ఆ చేరుచోట మడ అడవి యున్నది. 1989లో కృష్ణా అభయారణ్యముగా ప్రకటించిన సుమారు 195 చదరపు కిలోమీటర్ల నేల అదియే. మాదాపూరులో పడిన వానచినుకు తుదిమజిలీ ఆ మడచెట్ల వేళ్ళ సందున ఉన్నది.

ఇంకొక బంధమును కలదు. ఆ నగరము త్రాగు నీటిలో పెద్దపాలు నాగార్జునసాగరు జలాశయమునుండి ఎత్తిపోసిన కృష్ణ, ఎల్లంపల్లినుండి తెచ్చిన గోదావరి. ఎగువన నీరు తీసికొనుచు, దిగువకు నీరు విడుచుచు, ఆ నగరము రెండు డెల్టాలతోను ముడివడి యున్నది. కావున కడలి అంచున జరుగుదానికి హైదరాబాదు ప్రేక్షకుడు మాత్రమే కాదు; పాత్రధారి.

మడ అడవి అన్ని అడవులవంటిది కాదు. రోజునకు రెండుమారులు పోటు వచ్చి దానిని ముంచును. రెండుమారులు ఆటు వచ్చి విడుచును. బురదలో ఊపిరాడదు గనుక మడచెట్టు తన వేళ్ళ కొనలను మేకులవలె నేలపైకి నిక్కించి గాలి పీల్చును. పొన్న జాతి చెట్టు మ్రానునుండి ఊతకఱ్ఱలవంటి వేళ్ళు దింపి అలలకు ఓర్చి నిలుచును. రొయ్యపిల్లలును చేపపిల్లలును ఆ వేళ్ళ నీడలో పెరిగి కడలిలోనికి పోవును. నేల యనుటకు వీలులేదు, నీరు యనుటకును వీలులేదు. రెండింటికిని ఉమ్మడియైన చోటు అది. చెలియలికట్ట అను మాటకు ప్రకృతిలో నిజమైన అర్థము వెదకినచో ఇట్టి చోటే దొరకును. అది కాగితముపై గీచిన గీత కాదు. వెడల్పు గలది, ప్రాణము గలది.

లేచుచున్న కడలికి ఇట్టి తడినేల రెండు విధముల బదులు చెప్పును. మొదటిది, తానును లేచుట. వరదకాలమున నది తెచ్చు ఒండ్రునీరు మడవేళ్ళ సందునకు వచ్చినప్పుడు దాని పరుగు మందగించును. మందగించిన నీరు మోయలేని బురదను అచ్చటనే విడుచును. రాలిన ఆకులును, చచ్చిన వేళ్ళును ఆ బురదలో కలిసి మేట వేయును. ఏటేట ఒక పలుచని పొర. సముద్రము లేచినంత ఆ పొరయు లేచినచో అడవికి భయము లేదు. ఇందుకొక హద్దు కలదు. గడచిన 10,000 సంవత్సరములలో ప్రపంచమున 78 చోట్ల మడ అడవులు ఎట్లు పెరిగినవో పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2020లో ఒక నిర్ణయమునకు వచ్చిరి: సముద్రము ఏటికి 6 మిల్లీమీటర్లకు మించి లేచినచో మడ అడవులు దానితో సమముగా లేచుట దాదాపు అసాధ్యము. నేటి వేగము ఆ హద్దునకు ఇవతలనే యున్నది. కాని డెల్టాలలో నేల తన బరువుచే తానే కొంత అణగుచుండును. ఆ అణగుటను కూడ లెక్కలో కలుపవలెను.

రెండవ బదులు, వెనుకకు జరుగుట. ముందటి వరుస చెట్లు నీట మునిగి చచ్చుచుండగా, పోటుతో కొట్టుకొనిపోయిన గింజలును మొలకలును లోపలి పర్రనేలలలో నాటుకొనును. ఒక తరము గడచునప్పటికి అడవి అంతయు కొంత లోనికి వచ్చియుండును. చెట్టునకు కాళ్ళు లేవుగాని అడవికి కాళ్ళు కలవు. డెల్టా నేల మిక్కిలి పలుచని వాలు గలది గనుక సముద్రము ఒక్క అడుగు లేచినను అడవి చాలదూరము నడువవలసి యుండును. అంత నేల దానికి వెనుక ఉండవలెను.

తీరము కదలుట క్రొత్త సంగతి కాదు. కొల్లేరు దీనికి పాఠ్యపుస్తకమువంటిది. సుమారు 6000 యేండ్ల క్రిందట సముద్రము కొల్లేటి దరిదాపులలో ఉండెననియు, అప్పుడు అది ఉప్పునీటి కయ్యగా నుండెననియు భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పిమ్మట ఒకవైపు కృష్ణయు ఇంకొకవైపు గోదావరియు తెచ్చిన ఒండ్రుతో తీరము ముందునకు జరిగినది. కొల్లేరు లోపల చిక్కి మంచినీటి సరస్సైనది. నేడు ఉప్పుటేరు అను వంకరకాలువయే దానిని కడలితో కలుపుచున్నది. తెలుగునాట అన్నపూర్ణ యని పేరుపొందిన నేల అంతయు నదులు కడలినుండి గెలిచికొన్న నేల. ఆ గెలుపునకు ఆయుధము బురద.

ఆ బురదయే ఇప్పుడు రాకుండ పోయినది. రెండు డెల్టాల తీరమును ఆంధ్ర విశ్వకళాపరిషత్తు శాస్త్రజ్ఞులు దీర్ఘకాలము పరిశీలించిరి. వారి లెక్క ప్రకారము 1970–79 నడుమ గోదావరి ఏటికి సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రును డెల్టాకు తెచ్చుచుండగా, 2000–2006 నాటికి అది 6 కోట్ల టన్నులకు లోబడినది. కృష్ణ విషయము మరింత విచారకరము. 1966–69 నడుమ 90 లక్షల టన్నులు తెచ్చిన నది 2000–2005 నాటికి 4 లక్షల టన్నులు మాత్రమే తెచ్చినది. 1965 నుండి 2008 వరకు ఈ జంట డెల్టాల తీరమున కడలి నికరముగా కబళించిన నేల 76 చదరపు కిలోమీటర్లు.

బురద ఎచ్చటికి పోయినది? జలాశయముల అడుగునకు. నాగార్జునసాగరు కట్టిననాడు దాని నీటి నిలువ 408 టి.ఎం.సి.; నేడు చెప్పుకొను లెక్క 312. ఆ నడిమి 96 టి.ఎం.సి.ల చోటులో నీటికి బదులు మన్ను కూర్చున్నది. శ్రీశైలమునకును అదే గతి. ఎగువన పూడిక అని నిందింపబడు మన్నే దిగువన పునాది. 2015లో మిషన్ కాకతీయ పేర తెలంగాణలో చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు ఆ మన్నును బండ్లకెత్తి పొలములకు తోలుకొనిరి. దాని విలువ వారెరుగుదురు. అదే విలువ మడ అడవికిని ఉన్నదని చెప్పువారు లేరు. 1976 నాటి బచావత్ ట్రిబ్యునలు తీర్పులో కృష్ణ నీరు 2060 టి.ఎం.సి.లు మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 చొప్పున పంచబడినది. ఏ విద్యార్థియైనను ఆ మూడింటిని కూడి చూడవచ్చును. కూడిక సరిపోవును. నదీముఖమున నిలిచిన అడవికి మిగిలినది సున్న.

మొదటి బదులు ఇట్లు మూగపోయినది. ఇక రెండవది. మడ అడవి వెనుకకు జరుగవలెనన్న వెనుక చోటుండవలెను. అచ్చట ఇప్పుడు రొయ్యల చెరువుల గట్లును, ఉప్పుమళ్ళును, కరకట్టలును, రోడ్లును ఉన్నవి. 1990ల తరువాత ఈ చెరువులు తీరమంతట అలముకొన్నవి. 1996 డిసెంబరు 11న సర్వోన్నత న్యాయస్థానము తీరపు నియంత్రణమండలములోని రొయ్యల చెరువులను తొలగింపవలెనని తీర్పు చెప్పినది; 2005లో పార్లమెంటు చేసిన చట్టము చెరువుల నమోదుకు వేరొక మార్గము చూపినది. తీర్పులు మారినను గట్లు మారలేదు. ముందునుండి కడలి తరుముచుండగా వెనుక గట్టు అడ్డుపడినచో అడవి ఏమగును? ఏటేట సన్నగిల్లి, ఒక వరుస చెట్లుగా మిగిలి, ఒక తుపానునాడు అదియు పోవును.

ఈ స్థితి హైదరాబాదు వాసికి అర్థము కానిది కాదు. చెరువు నిండినప్పుడు నీరు పరచుకొను నేలను తెలంగాణ రైతు శిఖం అనును. ఎండకాలమున అది బీడువలె కనబడును. వానకాలమున అది చెరువు. సైబరాబాదు పెరిగిన పాతిక సంవత్సరములలో ఎండకాలపు చూపే గెలిచినది. నీరు లేనినాడు కొలిచి, నీటి చోటున ఇండ్లు కట్టిరి. 2020 అక్టోబరులో కుండపోతగా వానలు కురిసినప్పుడు నగరమున ఎన్నో కాలనీలలో నీరు తన పాతచోటును వెదకికొన్నది. 2024లో చెరువుల రక్షణకు హైడ్రా అను సంస్థను ఏర్పరచి, మాదాపూరులోనే తమ్మిడికుంటలో లేచిన కట్టడమును కూల్చవలసి వచ్చెను. కట్టిన పిదప కూల్చుట ఎంత దుఃఖమో, ఎంత వ్యయమో, ఎంత వివాదమో ఆ నగరము కన్నులార చూచినది. తీరము ఆ అనుభవమును అరువు తెచ్చుకొని లాభపడవచ్చును. ఒక్క భేదము మాత్రమున్నది: చెరువు శిఖము ఉన్నచోటనే ఉండును, కడలి శిఖము ఏటేట లోనికి జరుగుచుండును. కావున అచ్చట గుర్తింపవలసినది నేటి అంచును కాదు, నేటి పసిబిడ్డ ముసలిదగునాటి అంచును.

ఈ వాదమునకు ఎదురుమాటలు లేకపోలేదు. అవి బలమైనవి కూడ.

ఆనకట్టలు లేకున్న అన్నమేది, నగరమునకు నీరేది యని అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఆనకట్టలు కూల్చుమని చెప్పుట తెలివి కాదు. అయితే వానకాలపు తొలివరదలు మిక్కిలి బురదతో వచ్చును. ఆ నీటిలో కొంతభాగము నిలువ చేయక దిగువకు విడుచుట, అడుగు తూములద్వారా పూడికను కదల్చుట ఇంజనీర్లకు తెలియని విద్య కాదు. ఎంత విడువవలెను, ఎప్పుడు విడువవలెను అన్నది నీటి పంపకపు చర్చలో ఒక అంశము కావలెను. ఇప్పుడు రెండు రాష్ట్రములు తమ తమ వాటాలకై వాదించుకొనుచున్నవి. వాదమున మూడవ కక్షిదారు పేరు ఎవ్వరును ఎత్తరు.

గోడ కట్టినచో చాలదా యని మరికొందరు అడుగుదురు. కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ దీనికి సమాధానము. జాందానీ చీరలకు పేరుపొందిన ఆ ఊరిలో కడలి ఇండ్లను, గుడులను, తీరపు రోడ్డును కోసివేయుచు వచ్చినది. రాళ్ళు పోసిరి, ఇసుక నింపిన పెద్ద గొట్టములు పరచిరి. తుపాను వచ్చినప్పుడెల్ల ఆ రోడ్డు మరల తెగుచునే యున్నది. జనులు క్రిక్కిరిసిన ఊరికి, రేవునకు గోడ తప్పకపోవచ్చును. కాని గోడ కట్టిననాటినుండి శిథిలమగును. మడ అడవి నాటిననాటినుండి పెరుగును. 1999లో ఒడిశాను ముంచిన పెనుతుపానుపై 2009లో వెలువడిన పరిశోధన, కడలికిని తమకును నడుమ వెడల్పైన మడ అడవి మిగిలిన కేంద్రపడా జిల్లా గ్రామములలో ప్రాణనష్టము తక్కువగా నుండెనని తేల్చినది. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనలో పదివేలమందికి పైగా బలియైన దివిసీమ ఆ పరిశోధన అర్థమును ఎవ్వరికంటెను బాగుగా గ్రహింపగలదు.

మొక్కలు నాటినచో చాలును గదా యనుట మూడవ మాట. నాటుట మంచిదే, ఎచ్చట నాటుచున్నారన్నది ముఖ్యము. పోటునీరు ఆడనిచోట నాటిన మడమొక్క ఎండిపోవును. నిత్యము మునుగుచోట నాటినది కుళ్ళిపోవును. 1990ల చివరి భాగమున గోదావరి, కృష్ణా ముఖములలో స్వామినాథన్ పరిశోధన సంస్థయు అటవీశాఖయు గ్రామస్థులతో కలిసి వేరొక పద్ధతి నవలంబించిరి. పాడైన మడనేలలో చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి పోటునీటికి దారి చూపిరి. నీరు వచ్చి పోవుట మొదలుకాగానే మొక్కలు నిలిచినవి. అడవిని మనిషి పెంచనక్కరలేదనియు, దాని నీటిని దానికి విడిచినచో చాలుననియు ఆ కాలువలు నేర్పినవి.

అన్నిటికంటె కఠినమైనది నాలుగవ ప్రశ్న. అడవికి వెనుక చోటు విడువుమనగా ఎవరి చోటు? ఆ నేల ఒక సన్నకారు రైతుది. ఒక జాలరి కుటుంబముది. ఇల్లులేని పేదకు ఆశ చూపిన స్థలము. 2020లో కాకినాడ దుమ్ములపేటవద్ద మడనేలను పేదల ఇళ్ళస్థలములకై చదును చేయుటపై రేగిన వివాదము హరిత ట్రిబ్యునలు దాక పోయినది. పేదకు ఇల్లు కావలెనన్న మాటలో తప్పులేదు. కడలి రేపు తిరిగి అడుగబోవు నేలనే అతనికి ఇచ్చుటలో తప్పున్నది. అట్లే చెట్టును కాపాడుటకు మనిషిని వట్టిచేతులతో వెళ్ళగొట్టుటయు తప్పే. దారి ఈ రెండింటి నడుమనున్నది. తీరమున ఉప్పు సోకి పంట పండని పర్రలు కలవు. తెగుళ్ళచేతను నష్టములచేతను విడిచిపెట్టిన రొయ్యల చెరువులు కలవు. వానినుండియే ఆరంభింపవలెను. యజమానికి న్యాయమైన ధర యిచ్చి కొనియో, ఏటేట కౌలు చెల్లించియో, ఆ గట్లకు గండ్లు పెట్టి పోటునీటిని లోనికి రానీయవలెను. అడవి పెరిగినకొలది పీతలును చేపలును పెరుగును. ఆ పట్టుబడిలో మొదటి హక్కు ఆ గ్రామస్థులకు ఉండవలెను.

ఇది ఊహాగానము కాదు. ఇంగ్లండులోని ఎసెక్సు తీరమున వాలసీ అను దీవి కలదు. లండను నగరము క్రింద క్రొత్త రైలు సొరంగములు త్రవ్వినప్పుడు వచ్చిన మన్నును, 30 లక్షల టన్నులు, ఓడలమీద ఆ దీవికి చేర్చి పల్లపునేలను ఎత్తుచేసిరి. 2015లో పాత సముద్రపు గట్టును తామే తెగగొట్టి పోటునీటిని ఆహ్వానించిరి. పొలముగా నుండిన నేల తడినేలయై పక్షులకు నెలవైనది. ఇందుకు విరుద్ధమైన కథ అమెరికాలో మిసిసిపీ డెల్టాది. నదికి ఇరువైపుల కరకట్టలు బిగించి బురదను పరచుకొననీయక పోవుట ముఖ్యకారణములలో ఒకటిగా, 1932 నుండి 2016 వరకు లూసియానా రాష్ట్రము సుమారు 4,800 చదరపు కిలోమీటర్ల తీరపు నేలను పోగొట్టుకొన్నది. కడలికి కొంచెము చోటిచ్చినవారు కట్టను నిలుపుకొనిరి. నదిని బిగించినవారు నేలను పోగొట్టుకొనిరి.

లండను తన మన్నును కడలి అంచునకు పంపగలిగినది. హైదరాబాదు ఏమి పంపగలదు? కృష్ణా గోదావరుల నీరు త్రాగు ప్రతి నగరమును, అది తెలంగాణదైనను ఆంధ్రదైనను, తన నీటిపన్నులో ఒక చిన్నభాగమును నదీముఖమున తడినేలలకై విడువవచ్చును. ఇది దానము కాదు. తీసికొన్న దానికి చెల్లింపు. ప్రపంచమునకు లెక్కలు వ్రాసి పెట్టు ఆ సైబరాబాదు, తన గ్లాసులోని నీటి లెక్క ఒక్కటి వ్రాసికొనలేదా? అట్లే మురుగును శుద్ధిచేయక మూసీలోనికి విడుచుట మానవచ్చును. ఆ మురుగు పోయి చేరునది కృష్ణయే. కృష్ణ పోయి చేరునది మడ అడవియే. తాను విడిచిన నీటికి తుదివరకు బాధ్యత వహించుట నాగరికతలో మొదటి పాఠము.

ఉపాధ్యాయులు ఇందులో చేయదగినది కొంత కలదు. భూగోళమును చెప్పువారు పిల్లలచేత ఒక పటము గీయింపవచ్చును: తమ బడి ఆవరణలో పడిన వాననీరు ఏ వాగులో, ఏ చెరువులో, ఏ నదిలో కలిసి ఎచ్చట కడలి చేరునో. లెక్కలు చెప్పువారు ఏటికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున ఆ పిల్లలు అరువదియేండ్లవారగునప్పటికి ఎంతయగునో చేయింపవచ్చును. తెలుగు చెప్పువారు చెలియలికట్ట యను మాట వచ్చినచోట ఒక్క నిమిషము ఆగవచ్చును.

ఆ మాటకు ఇక మీదట చెప్పవలసిన అర్థము ‘సముద్రతీరము’ మాత్రమే కాదు. పూర్వకవులు కడలి కట్ట దాటదనిరి. కడలి మాట నిలుపుకొన్న కాలమున ఆ వర్ణన సత్యము. ఆ మర్యాద కడలిది మాత్రమే కాదని ఇప్పుడు తెలిసినది. అందులో నది తెచ్చిన బురదకు పాలున్నది. వేళ్ళతో దానిని పట్టి నిలిపిన చెట్టునకు పాలున్నది. ఆ చెట్టునకు వెనుక చోటు విడిచిన మనిషికిని పాలున్నది. మొదటి ముగ్గురు తమ పని మరువలేదు. ఆనకట్ట వెనుక నది బురద తెచ్చుటకు సిద్ధముగానే యున్నది. గట్టుకు ఇవతల ఉప్పునేలలోనికి మడగింజ పోటుతో కొట్టుకొని వచ్చి గట్టునకు తగులుచునే యున్నది. ఆ గింజకు చోటు చూపవలసినవాడు నాలుగవవాడు.